1979 టాటా లారీ గేర్ బాక్స్‌లో గరగర శబ్దం: బాక్స్ మొత్తం మార్చాలా, బేరింగులతో సరిపోతుందా?

పాకాల రైతుబిడ్డ:

అందరికీ నమస్కారం. మాది పాకాల పక్కన పల్లె. మా నాయనది 1979 మోడల్ టాటా 1210 లారీ ఒకటి ఇంట్లో ఉంది. మా వైపు దాన్ని బెంజి లారీ అంటారు. టెల్కోకి (ఇప్పటి టాటా మోటార్స్) బెంజితో ఒప్పందం 1969లోనే ముగిసిపోయి బండి ముందరి నక్షత్రం గుర్తు కూడా పోయింది కానీ ఊళ్లో ఆ పేరు పోలేదు, మా అవ్వ ఇప్పటికీ "బెంజి తీయండిరా" అనే అంటుంది. నాయన పోయి మూడేళ్లయింది. అప్పటినుంచి బండి ఇంటి ముందు చింతచెట్టు కింద నిలబడే ఉంది. ఈసారి బెంగళూరా మామిడికాయలకి దామలచెరువు మండీ దాకా మన బండే తోలుకుందామని పోయిన నెల బయటికి తీశాను.

కొత్త బ్యాటరీ వేసి, డీజిల్ ట్యాంకు కడిగి, గాలి తీస్తే ఇంజన్ రెండో సెల్ఫ్‌కే అందుకుంది. ఇంజన్ బాగుంది. అసలు సమస్య గేర్ బాక్స్. ఇంజన్ ఐడిల్‌లో, గేరు న్యూట్రల్‌లో ఉంటే కాళ్ల కింద గరగరమని ఒకటే శబ్దం, తిరగలిలో గులకరాళ్లు పడితే ఎట్లుంటుందో అట్ల. క్లచ్ తొక్కితే ఒక క్షణానికి ఆగిపోతుంది, వదిలితే మళ్లీ మొదలు. రోడ్డు మీద రెండు, మూడు గేర్లలో చాలా జాస్తి, నాలుగులో రొంత తక్కువ, టాప్‌లో వేస్తే దాదాపు వినిపించదు. గేర్లు మాత్రం మెత్తగానే పడతాయి, జారి బయటికి రావడం లేదు.

ఇక్కడ ఒక మెకానిక్‌కి చూపిస్తే రెండు నిమిషాలు విని, బాక్స్ అయిపోయింది, స్క్రాప్ బండి నుంచి వేరే బాక్స్ తెచ్చి కట్టేద్దాం అన్నాడు. మూత కూడా తీయలేదు. ఆ వచ్చే పాత బాక్స్ ఎట్లుంటుందో ఎవరికి తెలుసు? ఇంకో సంగతి, ఈ బాక్స్‌ని 1996లో మా నాయన తన చేతుల్తో విప్పి కట్టాడు, నేను పక్కన కూర్చుని నట్లు కిరోసిన్‌లో కడిగాను. ఊరికే ఇనుము రేటుకి పంపడానికి మనసు రావడం లేదు. దించకముందే ఏది పోయిందో తెలుసుకునే దారి ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఆటోనగర్ పాత మేస్త్రి:

తమ్ముడూ, బాక్స్ ఇప్పుడే దించొద్దు. నువ్వు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది. తిరుపతి ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా గేర్ బాక్సులే చేస్తున్నా. బండి తెచ్చినవాళ్లు శబ్దం ఎట్లా వస్తుందో నోటితో చేసి చూపిస్తారు, అది ఎప్పుడు ఆగిపోతుందో మాత్రం నేను అడిగేదాకా చెప్పరు. నాకు పనికొచ్చేది అదే. నువ్వు అడక్కుండానే రాశావు.

లోపల ఏం జరుగుతుందో చెప్తా విను. న్యూట్రల్‌లో క్లచ్ మీద కాలు లేనప్పుడు ఇన్‌పుట్ షాఫ్ట్ ఇంజన్‌తో పాటు తిరుగుతుంది, అది కింద పక్కనే ఉండే లే షాఫ్ట్ అనే ఇరుసుని తిప్పుతుంది, లే షాఫ్ట్ మిగతా గేర్లను తిప్పుతుంది. వెనకవైపు మెయిన్ షాఫ్ట్ మాత్రం బండితో పాటు నిలబడి ఉంటుంది. క్లచ్ తొక్కగానే ఇన్‌పుట్ షాఫ్ట్‌కి ఇంజన్ పట్టు పోతుంది, ఆ వేగం తగ్గి అన్నీ ఆగుతాయి. నీ శబ్దం ఒక క్షణం ఆలస్యంగా ఆగుతుంది అన్నావు చూడు, అది బాక్స్ నెమ్మదించి ఆగడానికి పట్టే సమయమే. కాబట్టి శబ్దం బాక్స్ లోపలిదే. క్లచ్ తొక్కినప్పుడు మొదలయ్యే శబ్దం వేరు, అది క్లచ్‌ని నొక్కే రిలీజ్ బేరింగ్ గానీ ఫ్లైవీల్ నడుమ ఉండే పైలెట్ బేరింగ్ గానీ అయి ఉంటుంది. నీకు ఆ లక్షణం లేదు.

రెండోది టాప్ గేరు. మీ మాన్యువల్‌లో టాప్ నిష్పత్తి 1:1 అని ఉంటే అది డైరెక్ట్ గేరు, అంటే ఇన్‌పుట్ షాఫ్ట్, మెయిన్ షాఫ్ట్ రెండూ ఒకటిగా లాక్ అయి తిరుగుతాయి. లే షాఫ్ట్ అప్పుడూ తిరుగుతూనే ఉంటుంది కానీ లోడు మోయదు. మిగతా గేర్లన్నిటిలో లోడు దాని మీదుగానే పోవాలి. రెండు, మూడులో గోల చేసి టాప్‌లో నోరు మూసుకుంటోందంటే నా అనుమానం లే షాఫ్ట్ బేరింగ్ మీద, దాని తర్వాత ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద. ఏదో ఒక్క గేరులోనే వస్తే ఆ గేరు పళ్లో దాని లోపలి బుష్షో అనుకోవాలి. శబ్దంలో కూడా తేడా ఉంటుంది, పన్ను విరిగితే టక్ టక్ టక్ అని లెక్కగా కొడుతుంది, ఇంజన్ వేగం పెంచితే ఆ కొట్టుడు కూడా పెరుగుతుంది. బేరింగ్ తీరు అది కాదు, గరగరమని ఎడతెరిపి లేకుండా వస్తుంది. పళ్లు అరిగితే సన్నగా ఊళ పెడుతుంది. నువ్వు చెప్పిన గులకరాళ్ల శబ్దం బేరింగ్‌దే.

ఇప్పుడు రెండు పనులు చెయ్. మొదటిది, చదును నేల మీద బండి నిలిపి, నాలుగు పక్కలా చక్రాలకు రాళ్లు గట్టిగా పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్‌లో ఇంజన్ ఆన్ చెయ్. సీట్లో ఒక మనిషి ఉండాలి, వాడు గేరు రాడ్ ముట్టకూడదు. పొడవాటి స్క్రూ డ్రైవర్ కొనని బాక్స్ బాడీకి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి పెట్టు. ముందువైపు పైన ఇన్‌పుట్ బేరింగ్ ఉండే చోట ఒకసారి, కింద లే షాఫ్ట్ ముందు చివర, వెనక చివర ఒక్కోసారి విను. ఎక్కడ గట్టిగా చెవిలో పొడిచినట్టు వినిపిస్తే బేరింగ్ అక్కడ పోయినట్టు. తువ్వాలు మెడలో వేసుకుని బండి కిందికి పోవద్దు, చొక్కా చేతులు మడుచుకో. జాకీ ఒక్కటే పెట్టి లేపిన బండి కిందికి ఎప్పుడూ దూరొద్దు, నా కళ్ల ముందు ఒక కుర్రాడి చెయ్యి పోయింది.

రెండోది ఆయిల్. పది కిలోమీటర్లు తోలి వేడి మీద దించు, చల్లారితే చెత్త అడుగున ఉండిపోతుంది. పాత తెల్లపంచె గుడ్డలో వడకట్టి, దాంట్లో అయస్కాంతం తిప్పు. వేళ్ల మధ్య రుద్దితే గంధంలా ఉండే బూడిద రంగు ముద్ద అయితే భయం లేదు, ఇన్నేళ్ల బండికి అది మామూలే. రేకుల్లా ఊడిన ఉక్కు పెచ్చులు ఉంటే బేరింగ్‌లో గుండ్లు దొర్లే దారి పొక్కులు లేచింది. మూల ఉన్న ముక్కలు ఉంటే పన్ను విరిగింది. పసుపుగా మెరిసే పొడి అయస్కాంతానికి అంటకుండా ఉంటే అది ఇత్తడి, గేర్లు మెత్తగా పడేలా చేసే సింక్రో రింగులు అరుగుతున్నాయి. చూసి ఇక్కడ రాయి.

భాకరాపేట ఘాట్ డ్రైవర్:

మేస్త్రి చెప్పింది ఒప్పుకుంటా, కానీ ఒక్కటి చూడకుండా బాక్స్ విప్పొద్దు బ్రదర్. నేను మదనపల్లె టమోటా పన్నెండేళ్లు తిరుపతికి తోలాను, పీలేరు మీదుగా వచ్చి రాత్రి రెండింటికి భాకరాపేట ఘాట్ దిగేవాణ్ణి. ఒకసారి నా బండిలో ఇట్లాంటి గరగరే వస్తే గేర్ బాక్స్ అనుకుని బేరింగులు మార్పించాను, మళ్లీ అదే శబ్దం. చివరికి చూస్తే బాక్స్ నుంచి వెనక ఇరుసుకి పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ సెంటర్ బేరింగ్, దాని రబ్బరు చీలిపోయి ఉంది. క్యాబిన్‌లో కూర్చుంటే శబ్దం ఎక్కడినుంచి వస్తుందో చెవి మోసం చేస్తుంది.

నీకు నిలబడి ఉన్నప్పుడు కూడా వస్తుంది కాబట్టి అది బాక్స్‌దే, ఒప్పుకుంటా. అయినా వెనక ఇంకోటి కలిసిందేమో తేల్చుకో. ఖాళీగా ఉన్న చదును రోడ్డులో నలభై స్పీడులో క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, క్లచ్ తొక్కే ఉంచి దొర్లనివ్వు. ఇంజన్ మాత్రం ఆపొద్దు, బ్రేకు గాలి కావాలి. అప్పుడూ శబ్దం బండి వేగంతో పాటు వస్తుంటే అది సెంటర్ బేరింగ్, జాయింట్ క్రాసులు, క్రౌన్ (వెనక ఇరుసులోని పెద్ద గేరు), ఇట్లా వెనకదేదో ఒకటి. ఏమీ లేకపోతే వెనక అంతా శుభ్రం. ఇది ఘాట్‌లో చేయొద్దు, దిగుడులో న్యూట్రల్ అంటే ప్రాణం పణంగా పెట్టినట్టే.

ఇంకో మాట. మూడేళ్లు చెట్టు కింద ఉంది అన్నావు. క్యాబిన్ టాపు కారుతుందా? గేర్ రాడ్ కింద రబ్బరు బూటు చినిగి ఉందా? ఎందుకు అడుగుతున్నానంటే 2021 నవంబరు వానలకి మా వైపు నిలబెట్టిన బండ్లలో రెండింటికి ఆ దారిలోనే గేర్ బాక్స్‌లోకి నీళ్లు దిగాయి.

చిత్తూరు స్పేర్స్ షాపు:

మేస్త్రీ, పెద్దవారు, కాదనను. కానీ న్యూట్రల్‌లో శబ్దం, క్లచ్ తొక్కితే మాయం అంటే ప్రతిసారీ బేరింగే కాదండీ. పాత డీజిల్ ఇంజన్ ఐడిల్ మరీ తక్కువ పెడితే ఒక్కో సిలిండర్ కాలినప్పుడల్లా కుదుపు వస్తుంది, ఆ కుదుపుకి గేరు పళ్లు ఒకదానికొకటి తగిలి కటకట కొట్టుకుంటాయి. క్లచ్ ప్లేటు నడుమ ఉండే స్ప్రింగులు ఆ కుదుపుని మింగాలి, అవి సడలినా విరిగినా శబ్దం మొత్తం బాక్స్‌కి వచ్చేస్తుంది. క్లచ్ తొక్కితే అది కూడా ఆగిపోతుంది! మా షాపుకి వచ్చి బేరింగ్ సెట్టు కొనుక్కుపోయి, అన్నీ వేసి, మళ్లీ క్లచ్ ప్లేటు కోసం వచ్చినవాళ్లు ఉన్నారు. రెండు కూలీలు.

చూసేది తేలిక. హ్యాండ్ యాక్సిలరేటర్ రొంత లాగి ఐడిల్ పెంచు. కటకట పోతే అది కుదుపు శబ్దం. గరగర అట్లే ఉండి ఇంకా సన్నబడి వేగంగా వస్తే బేరింగ్. నీకు రోడ్డు మీద కూడా వస్తోంది కాబట్టి నేనూ బేరింగ్ వైపే అనుకుంటున్నా, అయినా ఇది చూడటానికి పైసా ఖర్చు లేదు.

ఆయిల్ గురించి కూడా చెప్పాలి, ఇది చాలామంది చేసే తప్పు. వెనక క్రౌన్‌కి పోసే జీఎల్-5 ఆయిల్‌నే గేర్ బాక్స్‌కి కూడా పోసేస్తారు, రెండూ 90 గ్రేడే కదా అని. దాంట్లో క్రౌన్ పళ్ల కోసం కలిపే గంధకం మందు జాస్తి, ఇత్తడి సింక్రో రింగులకి అది పడదు. సింక్రో ఉన్న బాక్స్‌కి జీఎల్-4 అని రాసి ఉన్న 80 డబ్ల్యూ 90 అడుగు, మాన్యువల్‌లో వేరే గ్రేడు రాసి ఉంటే అదే పోయి. బేరింగ్ కొనేటప్పుడు బండి మోడల్ చెప్పి కొనొద్దు. పాత బేరింగ్ పక్కన చెక్కిన నంబరు తుడిచి, నంబరు చివర ఉండే అక్షరాలతో సహా ఫోటో తీసి పంపు. ఇన్నేళ్లలో ఎవరు ఏది మార్చారో బండి పుస్తకంలో ఉండదు.

పాకాల రైతుబిడ్డ:

అందరికీ పెద్ద నమస్కారం. రెండు రోజులు అదే పని మీద ఉన్నా, వరసగా రాస్తా.

ముందు ఐడిల్ పెంచి చూశాను. అన్న చెప్పినట్టు కటకట ఒకటి నిజంగానే ఉంది, అది తగ్గింది. దాని కింద గరగర మాత్రం పోలేదు. అంటే నేను ఇన్నాళ్లూ రెండు శబ్దాలను ఒకటిగా విన్నాను. తర్వాత కల్లూరు రోడ్డులో పొద్దున్నే బండ్లు లేనప్పుడు నలభైలో న్యూట్రల్ చేసి, క్లచ్ తొక్కే ఉంచి దొర్లనిచ్చాను. టైర్ల శబ్దం తప్ప ఏమీ లేదు. వెనకంతా బాగుంది.

స్క్రూ డ్రైవర్‌తో వింటే మాత్రం ఒళ్లు జలదరించింది. పైన ఇన్‌పుట్ దగ్గర పెడితే దూరంగా ఎవరో మర ఆడిస్తున్నట్టు ఉంది. కింద లే షాఫ్ట్ వెనక చివర పెడితే ఎముకలోకి దిగింది. మా తమ్ముడికి చెప్పకుండా వాడి చేత కూడా వినిపించాను, వాడూ అదే చోటు చూపించాడు.

ఆయిల్ దించితే అసలు సంగతి బయటపడింది. పాలు కలిపిన కాఫీ రంగు! ముందు ఆయిల్ కంటే నీళ్లే గ్లాసుడు వచ్చాయి. డ్రైవరన్నా, నువ్వు అడిగిన రబ్బరు బూటు ముందువైపు చినిగి ఉంది, క్యాబిన్ టాపు సరిగ్గా దాని పైనే కారుతుంది, నేల మీద తుప్పు చార కూడా కనిపిస్తోంది. మూడేళ్లు నేను ఇంటి అరుగు మీద కూర్చుని ఆ బండిని రోజూ చూశాను, ఒక టార్పాలిన్ కప్పాలని తోచలేదు. గుడ్డలో బియ్యపు నూకంత ఉక్కు పెచ్చులు పది పన్నెండు దొరికాయి. మూల ఉన్న ముక్కలు లేవు. పసుపు పొడి చాలా కొంచెం.

నిన్న పాకాలలోనే వేరే మెకానిక్‌ని పెట్టుకుని బాక్స్ దించి మూత తీశాం. గేరు పళ్లన్నీ ఉన్నాయి. లే షాఫ్ట్ వెనక బేరింగ్ లోపలి రింగు మీద తుప్పు మచ్చలు, వాటి చుట్టూ పెచ్చులు లేచి గుంటలు. గుంటలన్నీ ఒక పక్కనే ఉన్నాయి. ముందు బేరింగ్ చేత్తో తిప్పితే గరుకుగా ఉంది. ఇన్‌పుట్ బేరింగ్ కూడా పైపైన తుప్పు. క్లచ్ ప్లేటులో ఒక స్ప్రింగు విరిగి ఉంది. మూత లోపలివైపు నాయన పెన్సిల్‌తో రాసిన తేదీ ఇంకా ఉంది, దాన్ని తుడవొద్దని చెప్పాను.

ఇప్పుడు అడిగేది, మూడు బేరింగులు, క్లచ్ ప్లేటు, సీళ్లు మారిస్తే చాలా? మూడో గేరు పళ్ల మీద ఒక పక్క సన్నగా మెరిసే అరుగుదల ఉంది, గోరు పెడితే ఆగడం లేదు.

ఆటోనగర్ పాత మేస్త్రి:

గుంటలన్నీ ఒక పక్కనే ఉన్నాయంటే బండి నిలబడినప్పుడు నీళ్లు ఆ భాగానికి అంటి ఉన్నాయి. ఆయిల్ కన్నా నీళ్లు బరువు, అడుక్కి దిగుతాయి, లే షాఫ్ట్ ఉండేది అడుగునే. కదలకుండా ఉన్న బాక్స్‌లో తుప్పు పట్టిన ఆ చోటే, మళ్లీ తిప్పగానే పెచ్చులు లేచింది. నీ నాయన కట్టిన పనిలో తప్పేమీ లేదు నాయనా.

మూడో గేరు పళ్లు వదిలెయ్. గోరు ఆగనంత వరకు అది వాడకపు మెరుపే. గేరు ఒక్కటే కొత్తది వేస్తే, దానితో కలిసి తిరిగే పాత గేరుకీ దానికీ అరుగుదల కుదరక ఊళ మొదలవుతుంది, మారిస్తే జతగా మార్చాలి.

బేరింగులు మూడూ మార్చు. పైలెట్ బేరింగ్, రిలీజ్ బేరింగ్ కూడా ఇప్పుడే వేసెయ్, మళ్లీ బాక్స్ దించే కూలీ కంటే వాటి ధర తక్కువ. కొత్త బేరింగ్‌ని సుత్తితో కొట్టి ఎక్కించనివ్వొద్దు, ఇది నువ్వు దగ్గరుండి చూడు. షాఫ్ట్ మీదికి ఎక్కే బేరింగ్‌ని శుభ్రమైన ఆయిల్‌లో 80 నుంచి 100 డిగ్రీల దాకా వేడి చేస్తే అదే జారి కూర్చుంటుంది. మంట నేరుగా చూపించకూడదు. నొక్కాల్సి వస్తే షాఫ్ట్‌కి పట్టే లోపలి రింగునే నొక్కాలి, బయటి రింగు మీద దెబ్బ వేస్తే ఆ దెబ్బ గుండ్ల మీదుగా పోయి కొత్త బేరింగ్‌లో గుంటలు పడతాయి. విప్పినప్పుడు ఏ షిమ్ (సందు సరిచేసే పల్చటి రింగు) ఏ పక్కన ఉందో అట్లే దారానికి గుచ్చి పెట్టారా? లేకపోతే లే షాఫ్ట్ ముందుకీ వెనక్కీ ఎంత ఆడుతుందో డయల్ గేజి పెట్టి కొలిపించు, మాన్యువల్‌లో ఉన్న కొలతకి తీసుకురావాలి. బిగుతైపోతే వంద కిలోమీటర్లకే కాలిపోతుంది.

ఎక్కించేటప్పుడు బాక్స్ బరువు మొత్తం ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడనివ్వొద్దు. బోల్టులు పట్టేదాకా కింద జాకీ ఉండాలి. క్లచ్ ప్లేటు నడిమి భాగం వంగిందంటే గేర్లు కిర్రుమంటాయి, అప్పుడు మళ్లీ సింక్రో పోయిందని ఎవరో ఒకరు చెప్తారు. లోపల డీజిల్‌తో రెండుసార్లు కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆయిల్ లెవెల్ బోల్టు దాకా పోయి. రెండొందల కిలోమీటర్ల తర్వాత ఆ ఆయిల్ దించేసి మళ్లీ కొత్తది. నీళ్లు తాగిన బాక్స్‌లో మూలల్లో తేమ ఉండిపోతుంది.

పాకాల రైతుబిడ్డ:

షిమ్‌లు దారానికి గుచ్చే ఉన్నాయి మేస్త్రీ, చిన్నప్పుడు నాయన అట్లే చేయించేవాడు. బేరింగ్ నంబర్ల ఫోటోలు చిత్తూరు అన్నకి పంపాను. రబ్బరు బూటు కొత్తది, క్యాబిన్ టాపుకి రేకు వేయిస్తున్నా. బండి కట్టాక ఖాళీగా భాకరాపేట దాకా పోయి వస్తా.

భాకరాపేట ఘాట్ డ్రైవర్:

పైకి పోయేటప్పుడు కాదు బ్రదర్, దిగేటప్పుడు విను. మూడో గేరులో యాక్సిలరేటర్ మీద కాలు తీసి, అరచేతిని గేర్ రాడ్ మీద ఊరికే ఆనించి దిగు. రాడ్ వణక్కుండా, గేరు బయటికి రాకుండా రంగంపేట చేరావంటే కాయల లోడు నిశ్చింతగా ఎత్తుకో.